ప్రార్థన వేళ తిరిగిన కెమెరా

"ఆ ప్లగ్గు పీకొద్దని నిన్న గూడా చెప్పినా గదత్తా."

"దోమలు పీక్కోని తింటా ఉండాయి మే. నీ కెమెరా తింటదా వాటిని?"

ప్రత్యూష గడప బయటే ఆగింది. హాల్లో ఉన్నది ఒకటే ప్లగ్గు. దాని ముందు అత్తా కోడలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. అత్త నవోమమ్మ చేతిలో దోమల మందు మిషను, కోడలు ఎలిశబెతు చేతిలో కెమెరా వైరు.

"ఆయన చూసేటప్పటికి నల్లగా ఉంటే బయపడతాడు."

"చూసేవోడయితే ఈ రెండ్రోజులూ పలక్కుండా ఉంటాడా?"

అనేశాక ఆ మాటకు నవోమమ్మే బెదిరింది. మిషను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎలిశబెతు వైరు గుచ్చింది. కెమెరాలో ఎర్ర లైటు వెలిగి, కాసేపటికి నీలంగా మారింది.

అప్పుడు ప్రత్యూష లోపలికి వచ్చి తానెవరో చెప్పింది. నెల్లూరులో ప్రైవేటు డిటెక్టివుగా ఆమెకు వచ్చే పనులు చాలావరకు పెళ్ళి సంబంధాల వాకబులే. ఈసారి పంపింది ఒక హత్య కేసులో చనిపోయినవాడి తరఫు లాయరు. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు ఉన్న రొయ్యల గుంటల్లో, దొంగతనం చేశాడని ఒక కూలీ కుర్రాణ్ణి కొట్టి చంపారు. కొట్టించింది గుంటల యజమాని పద్మనాభయ్య అని కేసు. అతను బెయిలు మీద బయటే ఉన్నాడు. కళ్ళారా చూసినట్టు వాంగ్మూలం ఇచ్చింది ఒక్కడే, గుంటల దగ్గర నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్లు బాగుచేసే జీవానందం. నవోమమ్మ కొడుకు, ఎలిశబెతు భర్త. సోమవారం అతను కోర్టులో ఆ మాట చెప్పాలి. ఇవాళ శుక్రవారం. బుధవారం సాయంత్రం నుంచి అతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

"మొదట ఎక్కడ దాక్కున్నాడు?" అని అడిగింది ప్రత్యూష.

"కోవూరులో. ఆయన మేనత్త కొడుకు దావీదన్న ఇంట్లో," అంది ఎలిశబెతు.

"అక్కడి నుంచి ఎందుకు కదిలాడు?"

"ఎవురో ఇద్దరు బైకు మీద వచ్చి వీధి చివర నిలబడినారంట. మర్నాడూ వచ్చినారంట. దావీదన్న బోగోలుకు పంపించేసినాడు, హెబ్రోను బాబాయి కాడికి. ఆయనకు పడవుంది. మరీ కష్టమైతే సముద్రం మీదికి తీసకపోతానన్నాడు."

"బోగోలు సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు, అత్తకు, వాళ్ళిద్దరికీ. అంతే."

"ఫోన్లో మాట్లాడుకున్నారా?"

"లేదక్కా. సిమ్ము తీసి ఈడ్నే పెట్టిపొయ్యినాడు. హెబ్రోను బాబాయి ఇంట్లో వైఫై ఉంది. దాంతో ఈ కెమెరా చూసుకుంటాడు. మా మాటలు ఆయనకు వినబడతాయి, ఆయన మాట్లాడితే ఇందులోంచి మాకు వస్తది. అందుకే పెట్టించినాడు. చవకది, పదిహేను వందలు."

"బుధవారం మాట్లాడలేదా?"

ఎలిశబెతు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "దినామూ ఏడింటికి కుటుంబ ప్రార్థన చేస్తామక్కా. అత్త ముగించినాక ఆయన అక్కడ్నుంచి ఆమెన్ అంటాడు. బుధవారం అనలా. హెబ్రోను బాబాయికి ఫోను చేస్తే, ఇప్పుడే వస్తానని బయటికి పొయ్యినాడు, ఇంకా రాలేదన్నాడు."

వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడిన నవోమమ్మను ప్రత్యూష నిదానంగా అడిగింది. "పెద్దమ్మా, పొరుగింట్లో గానీ, చర్చిలో గానీ, బోగోలు మాట ఎప్పుడైనా నోరు జారిందా?"

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తా తల్లీ. మనిషన్నోడికి చెప్పలా."

ఆ మాటలో అబద్ధం లేదు. అబద్ధం చెప్పేవాళ్ళు ఎదుటి మనిషి నమ్మిందా లేదా అని చూస్తారు. నవోమమ్మ ఆమె వైపే చూడలేదు.

ప్రత్యూష కెమెరా దగ్గరికి వెళ్ళింది. టీవీ అలమర పైన, లేసు గుడ్డ మీద, నిమ్మకాయంత తల ఉన్న తెల్లటి బొమ్మలా ఉంది. ముఖం వాకిలి వైపుకు ఉంది.

"ఇది తిరుగుతుందా?"

"ఫోన్లో నొక్కితే తిరుగుద్దంట. ఆయన వాకిలి కనబడేట్టు పెట్టేసినాడు. మళ్ళీ తిప్పలా. తిప్పితే నెట్టు అయిపోద్దంటాడు."

గుంటల వైపు నుంచి వచ్చే సన్నటి మట్టి ఇంట్లో అన్నింటి మీదా పేరుకుని ఉంది. కెమెరా తల మీద ఉంది, అడుగున పీట మీదా ఉంది. రెంటికీ మధ్య మెడ దగ్గర మాత్రం వేలు పెట్టి రాసినా ఏమీ అంటలేదు. రోజూ తీసే తలుపు బందు మీద దుమ్ము నిలవదు. ఆమె వేలి కొసను మరోసారి చూసుకుంది.

"మనిషి తప్పిపోతే మేడం గారు ఇల్లు దులుపుతా ఉండారే."

గుమ్మంలో ఎస్సై మధుబాబు. టోపీ చంకలో పెట్టుకుని, బూట్లు విప్పకుండా లోపలికి వచ్చాడు.

"మీరు దులపలేదు గదా, అందుకని," అంది ప్రత్యూష.

"దులపాల్సినవన్నీ దులిపినా. కెమెరాలో మెమొరీ కార్డు కాపీ తీసుకుని నెల రోజులది చూసినా. ఎవురొచ్చినారు, ఎవురు పొయ్యినారు, మొత్తం. పాల మనిషి, పాస్టరు గారు, వీళ్ళిద్దరు. ఒక్క కొత్త మొహం లేదు."

"మొత్తం చూశారా?"

"ప్రార్థనలు దాటేసినా. రోజూ అరగంట కళ్ళు మూసుకోని కూర్చుంటారు. అందులో ఏముంటాది?" అతను కుర్చీ లాక్కున్నాడు. "నా లెక్క చెప్పమంటారా? అమ్మా, మీరేమీ అనుకోవద్దు. పద్మనాభయ్య మనిషి ఎవురో కలిసినాడు. మాట్లాడుకున్నారు. జీవానందం సోమవారం దాటేదాకా మద్రాసులో ఉంటాడు. మంగళవారం కొత్త బండి మీద వస్తాడు."

"నా కొడుకు అట్టాంటోడు గాదు," అంది నవోమమ్మ.

"ప్రతి తల్లీ అదే అంటది. కాపలాకి కానిస్టేబుల్ని పెడతామంటే వద్దన్నది మీవాడే గదా. గుమ్మం ముందు పోలీసుంటే ఊరు నవ్వుద్దన్నాడు."

"కోవూరు వీధిలోకి వచ్చిన బైకు సంగతి ఏమైంది?" అని అడిగింది ప్రత్యూష.

"ఎవురి బైకో. కోవూరులో బైకులు తక్కువా?"

"రెండు చోట్ల దాక్కున్నాడు. రెండు చోట్లా కనిపెట్టారు. సెల్లులో సిమ్ము కూడా లేదు. ఎలా కనిపెట్టారో మీ లెక్కలో ఉందా?"

"మీ లెక్కలో ఉందా?"

మధుబాబు లేచి టోపీ పెట్టుకున్నాడు. "పెళ్ళికొడుకు మందు తాగతాడా లేదా అని వాకబు చేసినంత సుళువు గాదు మేడం ఇది. నా పనికి అడ్డం రాబాకండి." బూట్ల మట్టి గచ్చు మీద వదిలేసి వెళ్ళాడు. ఎలిశబెతు వెంటనే గుడ్డ తెచ్చి తుడిచింది.

ఏడు గంటలకు చాప పరిచారు. రేపు పొద్దున్నే బోగోలు వెళ్ళి హెబ్రోనుతో మాట్లాడతానని చెప్పి ప్రత్యూష వెళ్ళిపోబోతే నవోమమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "మా దేవుడయినా, మీ దేవుడయినా, కూర్చో తల్లీ. ఇంటికొచ్చిన మనిషిని ప్రార్థన లేకుండా పంపను." ఒక పాట పాడారు. ఎలిశబెతు వాక్యం చదివింది. తర్వాత ఇద్దరూ కొంగులు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. ప్రత్యూషకు అలవాటు లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరుచుకునే కూర్చుంది.

"మహా కృప గల తండ్రీ, నీ పాదాల చెంతకు వచ్చినాము," అని మొదలుపెట్టింది నవోమమ్మ. "బోగోలులో నీ దాసుడు హెబ్రోను ఇంట్లోంచి బయటికి పోయిన నా బిడ్డ జీవానందాన్ని ఎక్కడుండా కాపాడు తండ్రీ."

గోడ గడియారం ముల్లు కదిలినంత చప్పుడు వినిపించింది. ప్రత్యూష తలెత్తింది.

కెమెరా తల కదులుతోంది. వాకిలి మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి చాప మీదికి, ఆగి ఆగి, ఎవరో వేలితో నొక్కుతున్నట్టు. చాప మీద ఎవరూ కదలడం లేదు, కదలికను బట్టి దానంతట అది తిరిగిందనుకోవడానికి. నవోమమ్మ ముఖం ఎదురుగా అది ఆగింది.

"నెల్లూరు నుంచి వచ్చిన ఈ బిడ్డ ప్రత్యూషను దీవించు తండ్రీ. రేపు పొద్దున్నే బోగోలుకు పోతా ఉంది. హెబ్రోనుతో మాట్లాడబోతా ఉంది. దారిలో నీ దూతలను తోడుగా ఉంచు."

కెమెరా తల ప్రత్యూష వైపుకు తిరిగింది.

ఆమె ఒక్క క్షణం ఆలస్యంగా కళ్ళు మూసుకుంది. రెప్పల మధ్య సన్నటి సందు మాత్రం వదిలింది. గుడ్డి గాజు చుక్క తన ముఖాన్ని తీరిగ్గా చూస్తోంది. లేచి వైరు పీకెయ్యాలనిపించింది. అయినా ఒక్క వేలు కూడా కదపలేదు. నవోమమ్మ ఏడ్చింది, కోడలి ఆరోగ్యం కోసం అడిగింది, పొరుగువాళ్ళ గేదె కోసం కూడా అడిగింది. "యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము" అనే మాట మొదలు కాగానే కెమెరా తల తిరిగి బయల్దేరింది. ఆమెన్ అని ఇద్దరూ కళ్ళు తెరిచేసరికి ఎప్పటిలాగే వాకిలిని చూస్తోంది. ఎప్పుడు కళ్ళు తెరుస్తారో ఆ చూసే మనిషికి బాగా తెలుసు.

అత్తా కోడలూ లేవలేదు. కాసేపు అలమర వైపు చూస్తూ ఉండిపోయారు. అందులోంచి ఆమెన్ రాలేదు.

ప్రత్యూష నీళ్ళు తాగాలన్న వంకతో పెరట్లోకి వచ్చింది. బోరింగు దగ్గర నిలబడి, కెమెరా బిగించిన సుకుమార్‌కు, ఎలిశబెతు ఇచ్చిన నంబరుకు ఫోను చేసింది. అతనికి తోటపల్లి గూడూరులో సెల్ రీచార్జి కొట్టు ఉంది.

"జీవానందం ఇంటి కెమెరా ఎవరి మెయిలు మీద ఉంది?"

"నాదే అక్కా. ఈ చుట్టుపక్కల అందరియీ నా మెయిలు మీదనే. వాళ్ళకు పాస్‌వర్డులు గుర్తుండవు. మరిచిపోతే నా పానం తీస్తారు. అందుకని నేను ఒకటే పెట్టేసి, వాళ్ళ ఫోన్లకు వాళ్ళది చూసేట్టు పంపిస్తా."

"పద్మనాభయ్య గుంటలకు కెమెరాలు ఎవరు పెట్టారు?"

"నేనే. పోయిన నెల."

"అవి కూడా ఆ మెయిలు మీదేనా?"

"అవునక్కా."

"ఆయనకు గుంటలు మాత్రం చూసేట్టు పంపావా, మెయిలే ఇచ్చావా?"

కొట్లో ఎవరో చార్జరు ధర అడుగుతున్నారు.

"ఆయన కాడ మేనేజర్లు మారతానే ఉంటారక్కా. మారినప్పుడల్లా నన్ను పిలుస్తా ఉంటే కుదరక... మెయిలు, పాస్‌వర్డు ఇచ్చేసినా."

"అంటే ఆయన ఫోను తెరిస్తే?"

"గుంటలు వస్తాయి." గొంతు తగ్గింది. "కిందికి జరిపితే ఇళ్ళు గూడా వస్తాయి. ఆయన ఎందుకు చూస్తాడక్కా ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు? ఇప్పుడే పాస్‌వర్డు మార్చేస్తా."

"మార్చొద్దు. నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు. మారిస్తే మనకు తెలిసిందని వాళ్ళకు తెలుస్తుంది. జీవానందం ఇంకా వాళ్ళ చేతుల్లో బతికి ఉంటే ఆ తర్వాత ఉండడు."

తర్వాత మధుబాబుకు చేసింది. అతను విసుగ్గా ఎత్తాడు. "మీ దగ్గరున్న కాపీలో ప్రార్థనలు చూడండి," అంది ఆమె. "మనుషుల్ని చూడొద్దు. వీడియోలో బొమ్మ పక్కకు జరుగుతోందా, అది చూడండి." సుకుమార్ మెయిలు సంగతి కూడా చెప్పి పెట్టేసింది.

అతను తిరిగి చేసేసరికి గొంతులో ఎగతాళి లేదు.

"తిరగతా ఉంది మేడం. గుంటలకు కెమెరాలు పెట్టిన వారం నుంచి. దినామూ. ఆ ముసలామె కోవూరు పేరు చెప్పింది, దావీదు పేరు చెప్పింది. మంగళవారం బోగోలని, హెబ్రోనని, ఇంటి పక్కన సరుగుడు తోపుందని గూడా చెప్పింది."

"ఇక పద్మనాభయ్యను పట్టుకోండి."

"ఏమని? ఏ ఫోను నుంచి తిప్పినారో కంపెనీ చెప్పాల. కాగితం పంపితే నెలో రెండు నెలలో. సుకుమార్ గూడా తిప్పుండచ్చు అంటాడు వాళ్ళ లాయరు. ఇంకోటి. ఆ సరుగుడు తోపులో ఇందాక ఒక సెల్లు దొరికిందంట. సిమ్ము లేదు. అద్దం పగిలుంది. ఆడవాళ్ళకు మీరే చెప్తారా, నన్ను రమ్మంటారా?"

"నేను చెప్తాను."

"మేడం, బతికుంటాడని నాకు నమ్మకం లేదు."

తనకూ లేదని ఆమె అనలేదు.

అత్తా కోడళ్ళను పెరట్లోకి పిలిచి, మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది. సెల్లు సంగతి వినగానే ఎలిశబెతు బోరింగు పట్టుకుని నిలబడింది. నవోమమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బట్టలుతికే రాయి మీద కూర్చుండిపోయింది.

"నేను దేవుడికి చెప్పినా తల్లీ."

"తెలుసు పెద్దమ్మా."

"ప్రార్థన అంశం స్పష్టంగా చెప్పాలని పాస్టరు గారు అంటారు. ఊరూ పేరూ చెప్పకుండా ఎవుర్ని కాపాడమని అడగాల? నేను దేవుడికి గదా చెప్పినా."

లోపల వంటింట్లో కుక్కరు కూత వేసి ఆగింది.

"ఒక దారి ఉంది," అంది ప్రత్యూష. "రేపు ప్రార్థనలో ఒక మాట కలపాలి. జీవానందం చూసిందంతా వీడియో తీసి కోవూరులో దావీదు దగ్గర దాచాడని, దాన్ని కాపాడమని. వాళ్ళు విని దాని కోసం వస్తారు. మధుబాబు గారు అక్కడ కాచుకుని ఉంటారు. దొరికినవాణ్ణి అడిగితే మీ కొడుకు సంగతి తెలుస్తుంది."

"అట్టాంటి వీడియో ఉందా?"

"లేదు."

నవోమమ్మ తల అడ్డంగా ఊపింది. "చెయ్యను."

"కొడుకు కోసం పెద్దమ్మా."

"నా నోటితో వాడు దాక్కున్న చోటు చెప్పినా. ఇప్పుడు అదే నోటితో, కళ్ళు మూసుకోని, దేవుణ్ణి పిలిచి అబద్ధం చెప్పమంటావా? ఇంక నాకు మిగిలిందేంది తల్లీ? మనిషితో చెప్పమను, వందసార్లు చెప్తా. అది మాత్రం నా వల్ల గాదు."

ప్రత్యూష వాదించలేదు. వాదించి గెలిచే రకం మాట కాదది. వంటింటి గోడకు ఆనుకుని ఉన్న ఎలిశబెతు మెల్లగా అడిగింది.

"అక్కా, వాళ్ళు ఆయన్ని చంపకుండా దాచిపెట్టి ఉండొచ్చా?"

"ఉండొచ్చు. ఉన్నది ఒక్క సాక్షి. సోమవారం ఆ నోరు మూస్తే వాళ్ళకు చాలు. ఎలా మూశారన్నదే మనకు తెలియదు."

"ఇంకో మనిషి గూడా చూసుంటే?"

"అప్పుడు ఆయన్ని ఆపి లాభం లేదు. కానీ వాళ్ళ చూపు ఆ రెండో మనిషి మీద పడుతుంది. అయినా రెండో మనిషి లేరు కదా. వాంగ్మూలంలో తాను ఒక్కణ్ణే ఉన్నానన్నాడు."

ఎలిశబెతు ఊ అంది. కుక్కరు దింపాలని లోపలికి పోయింది.

అన్నాలకు హాల్లోనే కూర్చున్నారు. రోజూ కూర్చునే చోటే కూర్చోమని, రోజూ మాట్లాడేవే మాట్లాడమని ప్రత్యూషే చెప్పింది. కెమెరా వాకిలిని చూస్తోంది. మెత్తళ్ళ పులుసు, వేపుడు, నిన్నటి పచ్చడి. నవోమమ్మ చేతులు జోడించింది. "అన్నం ఇచ్చినావు తండ్రీ, స్తోత్రం," అని ఆగింది. ఇంకేదో నోటి దాకా వచ్చింది గానీ మింగేసింది. ఒక ఊరి పేరు లేదు, ఒక మనిషి పేరు లేదు. ఆమెన్ కూడా పెదాల్లోనే అంది.

ఎలిశబెతు ముగ్గురికీ వడ్డించింది. తాను కూర్చోలేదు. గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"అత్తా, సోమవారం కోర్టుకు నేను పోతా ఉండా."

"నువ్వు పోయి ఏం చేస్తావ్ మే?"

"సాక్ష్యం చెప్తా. ఆ దినం ఆయనకు క్యారేజీ తీసకపోయింది నేనే. మోటారు కొట్టు వెనకాల నిలబడి అంతా చూసినా. ఆ పిల్లోణ్ణి పట్టుకున్నది ఎవురో, కట్టె తెమ్మన్నది ఎవురో, కొట్టమన్నది ఎవురో, అందరి మొహాలూ చూసినా."

ప్రత్యూష విస్తరి వదిలి లేచింది. ఎలిశబెతు గొంతు పెరట్లో ఉన్నట్టు లేదు. ప్రతి మాటా విడిగా, గట్టిగా, దూరాన ఉన్నవాళ్ళకు వినిపించేలా పలుకుతోంది. ప్లగ్గు వైపు సాగిన ప్రత్యూష చేతిని ఆమె మధ్యలోనే పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది, అరచెయ్యి చల్లగా ఉంది.

"ఉండనియ్యక్కా."

"నువ్వేం చేస్తున్నావో తెలుసా?"

"నువ్వే గదా చెప్పినావు."

నవోమమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. "ఒక్కణ్ణే చూసినానని వాడు రాయించింది నీకోసమా?"

"నా పేరు బయటికి రానియ్యొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడత్తా."

అలమర పైన గడియారం ముల్లు కదిలినంత చప్పుడయింది. ఈసారి ముగ్గురి కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఎలిశబెతు ప్రత్యూష చెయ్యి వదిలి, కెమెరా తల తన వైపుకు పూర్తిగా తిరిగేదాకా ఆగింది.

"ఆయన్ని పెట్టుకోని ఇంక మీకు లాభం లేదు. వదిలిపెట్టండి," అంది. "నేను కోవూరు పోను, బోగోలు పోను. సోమవారం పొద్దున ఎనిమిదింటి బస్సు ఎక్కేదాకా ఈ ఇంట్లోనే ఉంటా."